ఎలా ఉన్నారని అడగకూడదు

సెయింట్ జాన్స్ ఓడరేవు మీది పొగమంచు
కిటికీకి ఆనుకుని నిలబడిన ఉదయం.
నా బల్ల మీద కాగితపు మనిషి:
ముఖం లేదు, పేరు లేదు,
ఒళ్లంతా సున్నాలు.
దవడ దగ్గర మొదలై కాలివేళ్ల దాకా
అరవై ఎనిమిది సున్నాలు.
నొప్పి ఉంటే ఒక గీత. వాపుంటే ఇంకో గీత.

నా ఉద్యోగం ఇంతే.
ఏ సూదిలో మందుందో, ఏ సూదిలో ఉప్పునీళ్లున్నాయో
నాకు చెప్పరు.
చర్మం సంగతి పక్క గదిలో మరొకరు చూస్తారు.
"ఎలా ఉన్నారు?" అని నేను అడగకూడదు.
అడిగితే చెబుతారు,
చెబితే నా వేలు వింటుంది.

మొదటి రోజు సెల్బీ కీపింగ్ వచ్చాడు
పట్టీలతో అతుక్కునే బూట్లతో.
ముప్పై రెండేళ్లు ఫ్యాక్టరీలో కాడ్ చేపలు కోసిన చేతులు.
చొక్కా విప్పుతూ తనే అన్నాడు:
"పొలుసులు గీకి గీకి బతికానమ్మా,
ఇప్పుడవి నా మోచేతులకే మొలిచాయి."
నవ్వొచ్చింది.
నవ్వు గురించి నిబంధనల్లో ఏమీ లేదు.
అయినా నవ్వలేదు.

బొటనవేలితో నొక్కాలి,
నా గోరు కొస తెల్లబడేంత వరకే.
అంతకన్నా గట్టిగా అయితే ఎవరికైనా నొప్పే,
అంతకన్నా మెల్లగా అయితే అది పలకరింపు.
అతని గోళ్ల మీద సూదితో పొడిచినట్టు గుంటలు.
ఎడమ ఉంగరపు వేలు మొదలంటా ఊది,
ఉంగరాన్ని ఎప్పుడో కోసి తీసిన మచ్చ.
తుంటి దగ్గర నొప్పి లెక్కపెడతాం గాని
వాపు లెక్కపెట్టం, ఏ వేలికీ అందనంత లోతు అది.
అందుకే వాపులకు అరవై ఆరే.
మిగిలిన రెండూ
కాగితం కూడా ఒప్పుకున్న చీకటి.

అంగుళం, జానెడు, మూర, అడుగు...
ఒంటితోనే లోకాన్నంతా కొలిచారు మనుషులు.
ఆ ఒంటినే కొలవాల్సి వస్తే
ఇదిగో, ఇంకొకరి బొటనవేలు.

మొదటి రోజు: నొప్పి ఇరవై ఎనిమిది, వాపు పందొమ్మిది.
పన్నెండో వారం: ఇరవై ఆరు, పందొమ్మిది.
ఇరవై నాలుగో వారం
తలుపు దగ్గరే చూసేశాను.
తాళ్ల బూట్లు.
రెండు చెవులూ సమంగా ఉన్న ముడి.
తనే కట్టుకున్నాడా, ఇంట్లో ఎవరైనా కట్టారా,
అడగకూడదు.
చెయ్యి అందుకున్నాను. నొక్కాను.
పదహారు, పది.
సగానికి కాస్త ఇవతల.
సగానికి చేరని వాళ్లందరినీ
పట్టికలో "ఇరవై శాతం" గడిలో కూర్చోబెడతారు.

కలం ఆగింది.
ఆ ముడిని చూశాక నా బొటనవేలు
వెంట్రుకవాసి మెత్తబడలేదని ఎవరు సాక్ష్యం?
చేతి కంకణానికి అద్దమెందుకంటారు.
ఈ గదిలో కంకణాన్ని చూసిన కళ్ల మీదే అనుమానం.
"మళ్లీ చూస్తాను, ఏమనుకోకండి" అన్నాను.
కళ్లు మూసుకుని, దవడ దగ్గర్నుంచి.
ఈసారి పదిహేడు, పది.
పదహారును ఒక్క గీతతో కొట్టేసి
పక్కన తేదీ, నా పొడి అక్షరాలు.
పెరిగిన ఆ ఒక్కటి కుడి మణికట్టు.
రెండుసార్లు నొక్కినందుకే నొచ్చిందేమో.

లేవబోతూ వంగాడు.
బాగానే ఉన్న ముడిని విప్పి
మళ్లీ కట్టుకున్నాడు,
నెమ్మదిగా, నా ఎదురుగా,
నేను చూడాలనే అనుకుంటా.
కిటికీ వైపు తిరిగాను.
బూట్లు కట్టుకోగలరా, ఇబ్బంది లేకుండానా,
కొంచెం ఇబ్బందితోనా అన్న ప్రశ్న
ఇంకో కాగితంలో ఉంది.
దాన్ని అతనే నింపుతాడు.
అది నా కంట పడనివ్వరు.

తర్వాత బ్రైడ్ టోబిన్.
పోయినసారి ముప్పై ఒకటి, అంతకు ముందూ ముప్పై ఒకటే.
మందో, ఉప్పునీళ్లో.
గుమ్మంలోనే నిలబడింది, చేతులు కోటు జేబుల్లో.
"బయట ఇంకా మంచేనా?" అన్నాను.
వాతావరణం గురించి అడగొచ్చు.
"అలాగే ఉంది" అంది,
ఒక్కో చెయ్యీ బయటికి తీస్తూ.