నాలుగో పేరుపట్టీ

గ్రిమ్స్‌బీలో గాలికి చేపల వాసన పూర్తిగా పోదు,
ఐసు ఫ్యాక్టరీ మూతపడి ఇన్నేళ్లయినా.
అక్కడి కాన్పుల వార్డులో ముప్పై రెండేళ్లు చేసింది మా అమ్మ,
సిస్టర్ దీవెనమ్మ.
ఊళ్లో సగంమందికి బొడ్డు కోసింది.
తన నలుగురినీ మాత్రం వేరేవాళ్ల చేతికి వదిలింది.

జయశీల్, కృపాకర్, ఇమ్మానుయేలు,
తర్వాత నేను, కడగొట్టువాణ్ణి, నెహెమ్యా.

ఒకే స్కూలు బ్లేజరు నలుగురం తొడిగాం.
పాత పేరుపట్టీ విప్పే తీరిక అమ్మకి ఉండేది కాదు,
నైటు డ్యూటీకి ముందు దానిమీదే కొత్తది కుట్టేసేది.
నా దాకా వచ్చేసరికి కాలరు కింద ముగ్గురన్నలు
ఒకరి మీద ఒకరు పేరుకుని
మెడ వెనక ఎర్రగా ఒరుసుకుపోయేది.

మొన్న ఫోన్లో, పొయ్యి మీద పాలున్నంత తొందరగా:
"అన్నలు ఎక్కువయ్యేకొద్దీ తమ్ముడు అలా అయ్యే వీలు
కాస్త ఎక్కువట్రా.
మగబిడ్డని మోసిన సంగతి ఒళ్లు గుర్తుపెట్టుకుంటుందేమో
అని ఒక ఊహ.
రక్తం పడని తల్లులకి మేం సూది వేసేవాళ్లం చూడు,
తర్వాతి బిడ్డ మీద ఒళ్లు తిరగబడకుండా. అలాంటిదేనేమో.
దీనికి సూది లేదు."
కాసేపాగి,
"ఉన్నా వేయించుకునేదాన్ని కాదులే."

"అలా" అంటే ఏమిటో పదిహేనేళ్లుగా అమ్మ పేరు పెట్టి అనలేదు.
ఎంతమంది పసివాళ్లకి పేర్లు వెతికిపెట్టిన మనిషో!

ఆదివారం కాలమ్‌ని తీసుకెళ్లాను.
హ్యాడక్ పులుసు. చింతపండు ఎక్కువై
అతని చెవులు ఎర్రబడ్డాయి. అయినా మారు అడిగాడు.
ముల్లు తీసిన ముక్క అతని ప్లేట్లో వేస్తూ అమ్మ,
"మీ అమ్మకి నువ్వు ఎన్నోవాడివి?"
"ఒక్కణ్ణే."
గరిటె గాల్లో ఆగింది.
బొటనవేలు కణుపుల మీద ఏదో లెక్క మొదలెట్టి
మధ్యలో వదిలేసింది.

నాకు ప్రాణం తేలికపడింది,
ఇక తనని తాను తప్పుపట్టుకోదు కదా అని.
అమ్మ మొహం మాత్రం
బిడ్డని పైవార్డుకి పంపేశాక
ఖాళీ తొట్టె తుడుస్తున్నట్టుంది.
"అయితే," అంది పులుసులోకి చూస్తూ,
"అది నేనిచ్చింది కాకపోవచ్చన్నమాట."

ఏమనాలో తెలియక నీళ్లు తాగాను.

వెళ్లేటప్పుడు వాకిట్లో
కాలమ్ కోటు అందిస్తూ, అందించకుండా,
కాలరు తిప్పి లోపల చూసింది.
"ఏం నాయనా," అంది, "నీకు పేరు కుట్టలేదా ఎవరూ?"
సూదీ దారం ఎక్కడున్నాయని నన్నడిగింది,
నేనేదో ఆ ఇంట్లోనే ఉంటున్నట్టు.