జరుగుతుండగా

హనుమకొండలో మే నెల, రెండో అంతస్తు.
ఏసీ పక్కగదిలో యంత్రానికే పెట్టారు.
గాజు పాత్రలో క్షారం,
క్షారంలో వేలెడంత నికెల్ ముక్క, స్పాంజిలా తూట్లుతూట్లుగా.
దాని ఒంటిమీద నేను మూడు రాత్రులు పెంచిన పొర
లేత ఆకుపచ్చన,
జొన్న మొలక కన్నా పలచన.

ఇంటర్‌లో బట్టీపట్టిన వాక్యం ఇంకా నోట్లోనే ఉంది:
చర్యను వేగం చేసి, తాను మారకుండా
మిగిలేదే ఉత్ప్రేరకం.
రెండు మార్కులు.
సదయ్య సారు చదివించిన తీరుకు
నిద్రలో లేపి అడిగినా తప్పు పోదు.

ఇప్పుడు మీట తిప్పుతాను.
ఒక వోల్టు. ఏమీ లేదు.
ఒకటి పాయింట్ మూడు. ఏమీ లేదు,
నుస్రత్ ఆవలింత తప్ప.
ఒకటి పాయింట్ నాలుగు దగ్గర
తెరమీద గీత చిన్నగా మూపురం ఎత్తుతుంది.
ఆకుపచ్చ అంచులనుంచి నల్లబడుతుంది,
పెనంమీద మిరపకాయ మాడినట్టు, పొగ లేకుండా.
బుడగ ఇంకా ఒక్కటీ రాలేదు.
పని మొదలవకముందే
పని చేయాల్సింది వేరేదైపోయింది.

"కరెంటు పెట్టంగనే గిట్ల మొఖం నల్లగ జేసుకున్నదేంది మేడం?"
చీపురు ఆపి అడుగుతాడు కొమురెల్లి.

ఒకటిన్నర దాటాక బుడగలు.
ముందు సూదిమొనంత, అక్కడొకటి ఇక్కడొకటి,
ఆ తర్వాత ఎసరు పొంగినట్టు.
కాజీపేట వైపు గూడ్సు బండి పోతుంటే
కిటికీ అద్దం వణుకుతుంది, గీతా వణుకుతుంది.

పైకి వచ్చేది ఆక్సిజనే. అంతవరకు అనుమానం లేదు.
ఎవరిదన్నదే తగాదా.
నీటిదేనని రాసుకున్నాం మొదటి ఏడాది.
పోయిన నెల, మందలో గొర్రెకు రంగు పూసినట్టు
పొరలోని ఆక్సిజన్‌కు గుర్తు పెట్టాం,
కాస్త బరువైనదాన్ని ఎంచి.
వచ్చిన గాలిని తూచితే
ముప్పై రెండు రావాల్సిన చోట
కొద్దిగా, సిగ్గుసిగ్గుగా, ముప్పై నాలుగు.
అంటే పొర తన ఒంట్లోదే తీసి ఇచ్చింది.
ఖాళీ పడ్డ చోట నీరు వచ్చి కూర్చుంది.
ఎన్నిసార్లో, లెక్క లేదు.

దానికి తోడు ఇనుము. మేం వేయలేదు.
శుద్ధమని అచ్చువేసిన సీసాలోంచే
క్షారంతోపాటు దిగింది,
పిలవని చుట్టంలా వచ్చి
ఇంటిపనంతా నెత్తినేసుకుంది.
దాన్ని పట్టి తీసేసిన రోజు
బుడగలు పదో వంతుకు పడిపోయాయి,
నా థీసిస్‌లో నాలుగో అధ్యాయం పోయింది.

కొమురెల్లి తెల్లారి నాలుగింటికే లేచి
కొత్తవాడలో మగ్గం ముందు కూర్చుంటాడు.
తొమ్మిదికి వచ్చి మా సీసాలు కడుగుతాడు.
తూకం సంగతి చెబితే చాలాసేపు పలకలేదు.
"తెగిన పోగు తీస్తం, కొత్తది అతుకుతం.
నేసుడైతే ఆగది.
జంపఖాన దింపినంక ఏ పోగు ఎప్పటిదో
నాకే తెల్వది."
మరి అది అదే జంపఖానేనా, అంది నుస్రత్.
"కొనెటోడు ఎన్నడు అడుగలే."

సాయంత్రం మీట వెనక్కి తిప్పితే
నలుపు మెల్లగా విడుస్తుంది, ఆకుపచ్చ తిరిగొస్తుంది.
చూస్తే పొద్దుటిదే.
సూక్ష్మదర్శిని కింద మాత్రం వరుసలన్నీ చెదిరాయి,
స్ఫటికం ఉన్న చోట
అచ్చుకట్టకుండా దున్ని వదిలిన చెలక.
ఈ బొమ్మ నిజమే.
కాకపోతే పని ఆగాక దిగిన బొమ్మ.
బుడగ విడివడే ఆ రెప్పపాటులో అక్కడ ఏముందో
కడిగి, ఆరబెట్టి, కోసి చూసే మాకు
ఎట్లా దొరుకుతుంది?

నా నోటుపుస్తకంలో మొదటినుంచీ రెండే గడులు:
ముందు, తర్వాత.
ఇవాళ స్కేలు పెట్టి మధ్యలో ఇంకొకటి గీశాను.
పైన "జరుగుతుండగా" అని రాస్తే
అక్షరాలు గడిలో పట్టక
అటూ ఇటూ పొర్లాయి.

రేపు కొత్త ముక్క. అదే సీసా, అదే ఇనుము.
కొమురెల్లి బీకర్లు కడిగి బోర్లించి, సైకిలు తాళం వెతుక్కుంటున్నాడు.
కరెంటు తీసి పావుగంటైనా
ఒక బుడగ
నికెల్ అంచు పట్టుకునే ఉంది.