ముక్కు నాదే

మహారాణిపేట ల్యాబు మెట్ల మీద
రిపోర్టు నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నా.
తొమ్మిదేళ్ల జోషితకి కొలెస్ట్రాల్ మూడొందల డెబ్బై.
నాదీ అంతే, కాస్త అటూ ఇటూగా.

"ముక్కు అచ్చం నీదేరా" అని
బారసాలనాడు మురిసిన అమ్మ
ఇవాళ ఆ మాట ఎత్తదు.
నలభై ఒకటికే పోర్టు గేటు దగ్గర కూలిన నాన్నకి
దిష్టి తగిలిందనే చెప్పేది ఇన్నాళ్లూ.

బీచ్ రోడ్డులో బజ్జీల బండి దాటేటప్పుడు
నా భార్య కబుర్లు పెంచుతుంది.
జోషిత మాత్రం ఆగి
"మురీ మిక్చర్ ఒకటి, నూనె వద్దు" అంది బండాయనతో
ఆరిందాలా.
మేమిద్దరం సముద్రం వైపు తిరిగాం.

రాత్రి రెండు మాత్రలు.
ఒకటి దానిది, ఒకటి నాది.
గ్లాసులు తగిలించి "చీర్స్ నాన్నా" అంటుంది.
మింగాక నాలుక చాపి చూపించాలి,
నేను కూడా.