ఏడో నంబరు

నల్లపాడు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ.
తేజా రకం ఘాటుకి
ఆ చలిలోనూ కళ్లు మండుతాయి.
పన్నెండు గదులు, పన్నెండు మీటర్లు,
అన్నిటికీ కలిపి రెండే తీగలు.

ఆఫీసులో కంప్యూటరు
రాత్రింబవళ్లు హాజరు పిలుస్తుంటుంది:
ఒకటో నంబరూ, ఎంత చలి?
రెండో నంబరూ, ఎంత చలి?
పిలిచినవాడే పలకాలి.
మిగతావాళ్లు నోరు మెదపకూడదు.
ఆ తీగ మీద మర్యాదంటే అంతే.

మూడు రోజులుగా ఏడు పలకడం లేదు.
ఒకటేమో పూటకో మాట:
ఓసారి నాలుగు, ఓసారి తొమ్మిది,
ఓసారి ఉత్త గీతలు.

నేను ముందు తీగల్ని అనుమానించాను.
ఏ, బి తారుమారయ్యాయేమోనని మార్చి చూస్తే
పన్నెండూ మూగపోయాయి. మళ్లీ మార్చాను.
చివర నూటఇరవై ఓముల రెసిస్టరు ఉందా?
ఉంది, బొద్దింక గుడ్ల కింద.
వేగం తొమ్మిదివేల ఆరువందలు, సరే.
ఎలకలు కొరికాయేమోనని నిచ్చెనెక్కి
గొట్టం పొడుగునా టార్చి వేశాను.
కింద నిచ్చెన పట్టుకుని ఖాజావలి
తుమ్ముతూనే ఉన్నాడు.

అన్నాల వేళ శౌరమ్మ అంది:
"మా బళ్లో ఇద్దరు ఇన్నాసులుండేవాళ్లు సారూ.
పేరు పిలిస్తే ఇద్దరూ ఒక్కసారే లేచేవాళ్లు.
మాస్టారికి ఎవరి గొంతూ తెలిసేది కాదు.
ఒకణ్ని చిన్న ఇన్నాసు అన్నాక గానీ..."

ముద్ద చేతిలోనే ఆగింది.

ఆవిడ దగ్గరో రిజిస్టరుంది,
దారంతో కట్టిన పెన్నుతో.
కంప్యూటరొచ్చాక కూడా గంటగంటకీ లోపలికెళ్లి
థర్మామీటరు చూసి రాస్తుంది.
మానమని ఎవరూ చెప్పలేదట.
"ఏడుకి మీటరు మార్చారు. కొత్తది."
దాని కింద:
ఏడు, ఎనిమిదిన్నర. ఏడు, తొమ్మిది. ఏడు, తొమ్మిది.
ఎవరికీ చెప్పలేదా అంటే
"చెప్పాను సారూ. స్క్రీన్లో లేదుగా అన్నారు."

కొత్త మీటరు ఫ్యాక్టరీలో
ఒకటో నంబరుగానే పుడుతుంది.
బిగించినవాడు పేరు పెట్టడం మరిచాడు.
ఏడు మూగది కాదు.
మూడు రోజులుగా ఇంకొకరి పేరుమీద లేచి
వేడిగా ఉంది, నాకు వేడిగా ఉంది అంటోంది.

బటన్ నొక్కిపట్టి ఒకటిని ఏడు చేశాను.
ఏడో గది తలుపు రబ్బరు చిరిగి ఉంది,
సందులో అరచెయ్యి పెడితే
బయటి ఎండ తగిలింది.
ఖాజావలి రబ్బరు కోసం పట్నంబజారు వెళ్లాడు.

కంప్యూటరు పిలిచింది. ఏడు పలికింది:
తొమ్మిది పాయింటు రెండు.
శౌరమ్మ స్క్రీను వైపు చూడలేదు.
టార్చి తీసుకుని లోపలికెళ్లి,
చూసొచ్చి,
రాసుకుంది.