కనపడని వర్డు

ఎనుమాముల యార్డుల మిర్చి ఘాటుకు
ఫ్యాను గూడ దగ్గే మార్చి నెల.
తక్‌పట్టీలు కొట్టీ కొట్టీ వేళ్లు కొంకర్లు పోయి
ఒక రాత్రి మాక్రో రాసిన.

క్రియేట్ ఆబ్జెక్ట్. అంతే, ఒక్క కేక.
ఎక్సెల్ కడుపుల నుంచి పిలిస్తే
ఎక్కడున్నదో వర్డు లేచొస్తది.
విజిబుల్ ఫాల్స్ అని రాసిన:
మొఖం చూపియ్యకు, పని చెయ్.

తేజ రకం, పదకొండు బస్తాలు,
తరుగు, హమాలి, కమీషను,
నర్సంపేట రైతు పేరు దాని జాగల అదే కూసుంటది.
మూడువందల పట్టీలు, చాయ్ చల్లారకముందే.
సెక్రటరీ సారు నా భుజం తట్టిండు.

మూడోనాడు కంప్యూటరు మొరాయించింది.
టాస్క్ మేనేజర్ తెరిస్తే
లోపల నలభై ఆరు వర్డులు!
పనైపోయినా పొమ్మన్నోళ్లు లేక
చీకట్ల గోడకానుకొని కూసున్నయి.

మరిచిన రెండు లైన్లు ఇప్పుడు కొట్టాలె.
ముందు క్విట్,
ఆ తర్వాత, సెట్ చేసి, నథింగ్.

తలుపుకాడ ఓదెలు.
కాంటా కాడికెల్లి నా బల్ల దాకా
ఇరవై రెండేండ్లు చిట్టీలు మోసిన మనిషి.
చిట్టీలిప్పుడు వైరుల నడిచొస్తున్నయి.

"పనేమన్న ఉన్నదా బిడ్డా?"

"ఏం లేదే బాపూ."
అన్నంక తెర దిక్కు చూసిన.
అదే మాట, ఇంగ్లీషుల,
పక్కన కర్సరు కొట్టుకుంటున్నది.

ఓదెలు పోలేదు.
రుమాలు విప్పి మొఖం తుడుసుకొని
గోడకానుకొని కూసున్నడు.