కూత

గుణుపురంలో, వంశధార ఇసకలో
సున్నంతో గీసిన గీతకి ఇవతల
మోకాళ్ళ మీద చేతులేసి వంగి నిలబడ్డాను.
నలభై రెండేళ్ళు నాకు. పోస్టాఫీసులో స్టాంపులమ్ముతాను,
సాయంత్రాలు పదకొండుమంది ఆడపిల్లలకి చెడుగుడు నేర్పుతాను.
ఇప్పుడు నాలోపల ఎవరో కూతకెళ్ళారు,
ఊపిరి తియ్యకుండా ఆడుతున్నారు.

మొదటిసారి అది ఆటలో రాలేదు.
కిందపడ్డ ఫారం వంగి తీశాను, అంతే,
స్విచ్చి వేసినట్టు.
బెల్టు తెగిన కుట్టుమిషను చక్రం.
పమిట కొస అదరడం
కౌంటరవతల ముసలాయనకి కనిపించింది.
‘ఏటమ్మా, బయమేటి?’ అన్నాడు,
తనేదో తప్పు చేసినట్టు
పింఛను పుస్తకం వెనక్కి లాక్కుంటూ.

మా ఆయన గాసన్నాడు, గోలీసోడా కొట్టించాడు.
అత్త ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది.
వీధి చివర డాక్టరు
కాగితమ్మీద గీతలు చూసి, అన్నీ బావున్నాయి,
ఆలోచనలు తగ్గించమన్నాడు.
కాగితం దాకా అది ఎప్పుడూ ఆగేది కాదు.
జీపు చప్పుడికి పేకముక్కలు దాచేసి
అందరూ అరుగు మీద ఊరికే కూర్చున్నట్టు
నా గుండె కూర్చునేది.

ఏడాది గీత దాటలేదు.
ఆఫీసు మెట్లు తొమ్మిది. ఐదో మెట్టు మీద ఆగి
మెడ మీద రెండు వేళ్ళు.
వేగం వల్ల భయమో, భయం వల్ల వేగమో,
లెక్క ఎప్పుడూ తప్పేది.

బరంపురం పెద్దాసుపత్రిలో
ఎద మీద బిళ్ళలతికి, నడుముకో పెట్టె కట్టి
‘రోజూ చేసేవే చెయ్యండి’ అన్నారు.
రోజూ చేసేవి మానేశానని చెప్పలేదు.
బస్సు దిగి తిన్నగా ఇసకలోకొచ్చాను,
కుచ్చిళ్ళు ఎగదోపి
చెడుగుడు చెడుగుడు చెడుగుడు
ముగ్గుర్ని ముట్టుకుని తిరిగొచ్చాను.
గుండె మెట్టు మెట్టుగా ఎక్కింది,
మెట్టు మెట్టుగా దిగింది.
రాత్రి రెండింటికి పక్కమీద అటు తిరిగితే మాత్రం
మెట్లు లేవు. ఒక్క దూకుడు.
నూట ఎనభై ఎనిమిది, పెట్టె రాసుకుంది.

డాక్టరు పాణిగ్రాహి చీటీ వెనక బొమ్మ గీశాడు:
పుట్టుకతోనే ఒక అడ్డదారి ఉంది,
పైనుంచి దిగిన కబురు ఆ దారంట మళ్ళీ పైకొచ్చి
గానుగెద్దులా తిరుగుతుంది.
‘భొయొ నాహిఁ’ అన్నాడు. నా ముఖం చూసి,
తెలుగు కూడబలుక్కుని,
‘బయం లేదు. ఆడండి. కానీ.’
ఆ కానీని చీటీతో పాటు మడిచి తెచ్చుకున్నాను:
ముందు నడక, చివర నడక,
కళ్ళు తిరిగితే ఆట చాలు, ఒంటరిగా ఏటవతలికి వద్దు.
మాఘంలో తొడ దగ్గర్నుంచి తీగ పంపి
ఆ దారి కాల్చేస్తారట. చూద్దాం.
ఈలోగా, వచ్చినప్పుడు,
సూదిలేని సిరంజిలోకి బిగించి ఊదాలి,
వెంటనే పడుకుని కాళ్ళెత్తించుకోవాలి.

పన్నెండేళ్ళప్పట్నుంచీ ఊపిరితో బతికినదాన్ని,
ఊపిరి బిగబట్టడమే మందంటే
ఆసుపత్రి వరండాలో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఇదిగో, ఇప్పుడు.
ఇసక మీద కూలబడి ఊదుతున్నాను.
కుముదిని ఒడియాలో లెక్కపెడుతోంది,
ఏకొ, దుయి, తిని, చారి,
పదిహేను కాగానే నన్ను వెల్లకిలా పడుకోబెట్టి
తవిటమ్మ నా కాళ్ళు గాల్లోకెత్తింది,
పాదాలంటిన ఇసక దాని మొహమ్మీద రాలుతోంది.
ఆకాశంలో ఒక చివర ఇంకా ఎండ.

ఏమీ లేదు.
ఎక్కడా ఏమీ లేదు.
ఆ తర్వాత ఒక్కటి, పెద్దది,
తలుపు తోసుకొచ్చిన చుట్టంలా.
దాని వెనక ఇంకోటి, నిమ్మళంగా.

‘అవుటా, మేడం?’
కాళ్ళొదలకుండానే అడిగింది తవిటమ్మ.
తల వెనక్కి చెయ్యి చాపి తడిమాను.
వేళ్ళకి సున్నం అంటింది.
కాదే, అన్నాను. కానీ ఇవాళ్టికి నువ్వెళ్ళు.
నా చెప్పొకటి ఎక్కడుందో చూసి తీసుకురా.