సున్నపు గీత

గుణుపురం గ్రౌండులో కోర్టుకి గీతలు గీసేవాణ్ణి నేనే,
పదమూడేళ్ళుగా.
కాలేజీ ఆడపిల్లల వాలీబాల్ వచ్చిందంటే
తారిణి సాహు బరా బండి దగ్గర నన్ను పట్టుకుంటారు:
"ఏటి గున్నయ్యా, ఈపాలి ఎవులు?"

బరంపురం అని చెప్పడానికి నేనెందుకు?
గోడమీద పోస్టరు చెబుతుంది ఆ మాట.
వాళ్ళకి కావలసింది ఇంకో పేరు.
డ్రా కాగితంలో అచ్చుతప్పుతో పడ్డ పేరు,
మైకులో కుర్రాడు రెండుసార్లు తడబడే పేరు.

నేను ఎత్తులు చూడను.
బస్సు దిగేటప్పుడు చూస్తాను,
నెట్టు మూట ఎవరు మోస్తున్నారో,
ఎవరి మోకాలికి పాత గుడ్డ కట్టుందో.
పాయింటు పోయాక
ఎవరి కళ్ళు ఎవరిమీదికి వెళతాయో చూస్తాను.
వెళ్ళకపోతే, అప్పుడు ఇంకా బాగా చూస్తాను.

ఓ ఏడు పద్మపురం అన్నాను.
మొదటిరోజు మధ్యాహ్నానికే మూటాముల్లె సర్దుకున్నారు.
తారిణికి ఇరవై బరాల డబ్బు కట్టాను.
ఇంకో ఏడు నా మాటే నిజమైంది.
అది ఎవరికీ గుర్తులేదు.

ఈ ఏడు గుడారి.
ఎనిమిదిమందే వచ్చారు.
రెండు రకాల నీలం జెర్సీలు,
ఒక మూడుని మార్కరు పెట్టి ఎనిమిది చేసుకున్నారు.
బంతి లేపి అందించేది పైడమ్మ, మన తెలుగు పిల్ల.
కొట్టేది ఝరణా బెహెరా.
వెనకాల నేలకి అంటుకుపోయి
పడబోయేదాన్ని పడనివ్వనిది సుమారి గమాంగ్, సవర గుంట.
బంతి గాల్లో ఉండగా
ఒకర్తె "నాది" అంటుంది, ఒకర్తె "మోర" అంటుంది.
సుమారి ఏమంటుందో నాకు అర్థం కాదు.
ఆ మాట వినగానే
మిగతా ఇద్దరూ పక్కకి తప్పుకుంటారు, అంతే.

సిగరెట్ పెట్టె అట్టమీద గుడారి అని రాసి
సున్నం డబ్బా మూతకింద దాచాను.
ఫైనలుకి వస్తారు, ఇరవై బరాలు పందెం.

జయపురం పోయింది.
రాయగడ పోయింది, అదీ మూడే సెట్లలో.
ఫైనలు నాడు తారిణి
కాగే నూనె మీద మూతపెట్టి వచ్చి నిలబడ్డాడు.

అయిదో సెట్టు. పద్నాలుగు బరంపురం, పదమూడు గుడారి.
పైడమ్మ వీపు వెనక్కి లేపింది,
ఝరణా అవతలి మూలకి కొట్టింది.
నా గీత మీంచి
చిటికెడు తెలుపు లేచింది.
దుమ్ము కాదు. దుమ్ము ఎర్రగా ఉంటుంది ఇక్కడ.
తెల్లారగట్ల మంచులో
వేలితో సర్దిన మూల అది, నాకు తెలీదా?

లైన్‌మన్ జెండా పైకెత్తాడు.
విజిల్.

నా నోరు తెరుచుకుంది, మాట రాలేదు.
గీత గీసినవాణ్ణి
గీత గురించి అడగాలని
ఏ రూలు పుస్తకంలోనూ లేదు.

కొళాయి దగ్గర మోకాళ్ళు కడుక్కుంటున్నారు.
అట్టముక్క తీసి చూపించాను.
"ఇంతదూరం వస్తారని ఎవులూ అనుకోలేదమ్మా, నేను తప్ప."
పైడమ్మ చదివింది, మిగతావాళ్ళకి చెప్పింది.
ఎవరూ నవ్వలేదు.
"మేం అనుకున్నాం గదా," అంది,
"ఫైనలు కాదు. కప్పు."

సుమారి బంతిని తిప్పి నాముందు పట్టుకుంది.
పక్కన వేలెడంత తెల్లటి చార.
సవరలో కాదు, ఒడియాలో కాదు,
నాకు అర్థమయ్యేలా వచ్చీరాని తెలుగులో అడిగింది:
"బాబూ, ఈ సున్నం ఏటి?"

చేతులు వెనక్కి పెట్టుకున్నాను.
రెండూ తెల్లగానే ఉన్నాయి.

తారిణి ఓడిన ఇరవై బరాలూ
బస్సు కిటికీలోంచి ఇచ్చాను.
పొట్లం తీసుకున్నారు, నా ముఖం చూడలేదు.

రేపు కబడ్డీ. పాత గీతలు చెరపాలి.
మూడు వైపులా చీపురు తిప్పాను.
ఆ మూల దగ్గర
బంతి చేసిన గుంట సగం గీతలో ఉంది, సగం బయట.
దాని చుట్టూ ఊడ్చుకుంటూ వచ్చాను.